ఆగినా మానకూడదు

నేను బొమ్మలు గీస్తాను. ఏడాదికి రెండు, మహా అయితే మూడు. ఇరవై ఏళ్లకు పైగా గీస్తున్నా లెక్క వేస్తే యాభై దాటవు. ఈ మాట చెబితే కొందరు "అంతేనా మేడం?" అంటారు. ఫోన్లో రోజుకో బొమ్మ పెట్టేవాళ్లను చూసి అలవాటైన కళ్లకు నా లెక్క తక్కువే. చేతిలో పని ఉన్న మన పిల్లలు చాలామంది ఆ "అంతేనా" తట్టుకోలేక గీయడం, పాడడం, రాయడం మానేస్తున్నారు. నా కళ్ల ముందే మానేసినవాళ్లున్నారు. వాళ్ల కోసం, వాళ్లకు పాఠాలు చెప్పే నా తోటి టీచర్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది సీతంపేట ఏజెన్సీలో ఒక సవర గూడ. డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేసి, మా గూడకు రెండు కొండల అవతలి బడిలో పనిచేస్తున్నాను. బొమ్మలు నాకు డ్రాయింగ్ మాస్టారు నేర్పినవి కావు. మా అమ్మ నాన్న, అంటే మా తాత, గీస్తుంటే పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నవి.

మా ఇళ్లలో గోడబొమ్మ అందం కోసం వేసేది కాదు. ఒడిశా వైపు సవరలు దాన్ని ఇడితాల్ అంటారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, చనిపోయిన పెద్దలు కలలోకి వచ్చి ఏదైనా అడిగినప్పుడు, కొత్త పంట పండుగలప్పుడు, ఎజ్జోడు చెబితే గీసేవారు. ముందు గోడను ఎర్రమట్టితో అలుకుతారు. బియ్యం నానబెట్టి నూరి తెల్లటి పిండినీళ్లు చేస్తారు. వెదురుపుల్ల చివర నమిలితే అదే కుంచె. మొదట చుట్టూ అంచు గీస్తారు. ఆ అంచే ఇల్లు. ఇల్లు కట్టాకే లోపలికి జనం వస్తారు. చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డవాళ్లు, జీలుగు చెట్టు ఎక్కేవాడు, ఏనుగు, గుర్రం, నెమలి, సూర్యుడు, చంద్రుడు. మా తాత ఒకసారి కొండ కిందకు వచ్చే ఆర్టీసీ బస్సును కూడా గీశాడు. ఎందుకని అడిగితే, "పెద్దలకి మోకాళ్ల నొప్పులుండవా?" అన్నాడు.

ఒక గోడ ఎప్పటికి పూర్తవుతుందో తాత ముందుగా చెప్పేవాడు కాదు. కొంత గీసి ఆపేవాడు. ఆ రాత్రి ఇంటివాళ్లకు కలలో ఏం కనబడిందో తెల్లారి అడిగేవాడు. పెద్దాయన గొడుగు కావాలన్నాడంటే గొడుగు గీసేవాడు, కుక్క కావాలన్నాడంటే కుక్క గీసేవాడు. ఒక్కోసారి మూడు రోజులు ఏ కలా వచ్చేది కాదు. ఆ మూడు రోజులూ తాత పోడుకు పోయేవాడు, కొండచీపుర్లు కట్టలు కట్టేవాడు, సంతకు పోయి ఉప్పు తెచ్చేవాడు. కాని రోజూ పొద్దున్నే ఆ గోడ ముందు కాసేపు కూర్చుని లేచేవాడు.

"తాతా, ఆ బొమ్మ మానేసినావా?" అని ఒకసారి అడిగాను.

"ఆగినాను గుంటా. మానలేదు. ఆగినోడు గోడ దగ్గరికి మళ్లీ వస్తాడు. మానినోడు ఆ దారంటే రాడు."

ఆ మాట అప్పుడు నా చెవిన పడింది కాని, లోపలికి దిగడానికి చాలా ఏళ్లు పట్టింది. డైట్‌లో మాకు పాఠ్యపథకం రాయడం నేర్పారు. గంట కొట్టగానే మొదలుపెట్టి, గంట కొట్టేలోపు ముగించాలి. లెక్కల పాఠానికి అది మంచిదే. నలభై మంది పిల్లల్ని నడిపించాలంటే గంట కావాలి. కాని ఆ గంటనే మన పిల్లల చేతులకు కూడా కట్టేశాం. ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేస్తాం. ఉపన్యాసాలు, డప్పులు, థింసా, చిత్రలేఖనం పోటీ. పోటీకి రెండు గంటల సమయం. ఒక ఏడాది మా ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఆ పోటీలో కూర్చుంది. గంట కొట్టేసరికి ఆమె కాగితం మీద అంచు, ఆ అంచులో మూడు వరసల గళ్లు, లోపల ముగ్గురు మనుషులు ఉన్నారు. "సగం కాగితం ఖాళీగా వదిలేసింది" అని పక్కన పెట్టారు. ఫోన్లో బొమ్మ చూసి దించిన అబ్బాయికి బహుమతి వచ్చింది. అతని తప్పేమీ లేదు. అడిగింది రెండు గంటల్లో నిండిన కాగితం, అతను నింపాడు. ఆ అమ్మాయి మాత్రం కాగితం ఇంటికి తీసుకుపోయి పదకొండో రోజున తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ముగ్గురు మనుషులు ముప్పై మంది అయ్యారు. ఒక మూల ఒక ముసలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది, అందరికీ వీపు తిప్పి. ఆ ముసలమ్మ రెండు గంటల్లో వచ్చేది కాదు. ఆ కాగితం ఇప్పటికీ మా బడి బీరువాలో ఉంది.

నెమ్మదిగా చేస్తే ఎందుకూ పనికిరామని దిగులుపడే వాళ్లకు నేను ముగ్గురి సంగతి చెబుతుంటాను.

మొదటిది గిడుగు రామమూర్తి పంతులు గారి సంగతి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ప్రతి బడిలో ఆయన పటానికి దండ వేస్తాం. వ్యావహారిక భాష కోసం పోరాడారని పిల్లలు అప్పజెబుతారు. కాని ఆయన సవర భాష కోసం ఎంత కాలం పెట్టారో మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆయన మనలాగే బడిపంతులు. 1863లో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో పంతులుగా చేరారు. మా కొండల నుంచి ఆ ఊరు ఎంతో దూరం లేదు. సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. నేర్పే పుస్తకం లేదు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్కో మాటా నేర్చుకున్నారు. సవర పిల్లలకు బళ్లు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వాడకంతో చెవులు దెబ్బతిన్నాయి. చెవితో భాష నేర్చుకునే మనిషికి చెవులే పోవడమంటే ఏమిటో ఆలోచించండి. అయినా ఆయన వ్యాకరణం 1931లో అచ్చయింది. సవర–ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 75. ఇంకో రెండేళ్లకే చనిపోయారు. మొదలుపెట్టినప్పటి నుంచి లెక్క వేస్తే నలభై ఏళ్ల పైమాటే. ఆ మధ్యలో తెలుగు కోసం అంత పెద్ద పోరాటం చేశారు. ఆ రోజుల్లో సవర పని ఆగి ఉండొచ్చు. మానలేదు. మానేసి ఉంటే మా అవ్వలు మాట్లాడిన మాటలు కొన్ని కాగితం మీదకు ఎక్కేవే కావు.

రెండోది ఆదిలాబాద్ ఓజాల సంగతి. రాష్ట్రం రెండు కాకముందు, మాతృభాషలో పిల్లల వాచకాలు తయారుచేసే పని మీద ఉట్నూరు వెళ్లాను. అక్కడి గోండు టీచర్ ఒకాయన మమ్మల్ని జైనూర్ మండలంలోని ఉషేగాం తీసుకెళ్లాడు. గోండుల దేవుళ్ల బొమ్మలు, గంటలు, దీపాలు, నగలు ఇత్తడితో పోసే ఓజాలు అక్కడ ఉంటారు. ముందు మట్టితో లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి సన్నని దారాలుగా తీసి, ఆ ముద్ద చుట్టూ వరసగా చుడతారు. నగిషీ అంతా ఆ మైనంలోనే. దాని మీద మళ్లీ మట్టి పూస్తారు. ఆరాక కొలిమిలో పెడితే మైనం కరిగిపోతుంది. మైనం ఖాళీ చేసిన చోటికి కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారాక మట్టి పగలగొడితే లోపల బొమ్మ. వాన పట్టిందంటే మట్టి ఆరదు. ఆరేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. మైనందారం చుడుతున్న ఒక పెద్దామెను, "ఈ మట్టి అచ్చు దాచుకుంటే మళ్లీ మళ్లీ పోసుకోవచ్చు కదమ్మా?" అని అడిగాను. ఆమె నవ్వి, "దాచుకుంటే బొమ్మ లోపలే ఉండిపోద్ది టీచరమ్మా" అంది. ప్రతి బొమ్మకూ కొత్త ముద్ద, కొత్త మైనం, కొత్త మట్టి. అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన మట్టి త్వరగా ఆరదు కదా.

మూడోది బాధ కలిగించే సంగతి. మధ్యప్రదేశ్‌లోని పటన్‌గఢ్‌లో పుట్టిన ప్రధాన్ గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ఇంటి గోడల మీద మట్టితో బొమ్మలు వేసే కుర్రవాణ్ణి భోపాల్‌లోని భారత్ భవన్‌కు తీసుకొచ్చారు. అక్కడ ఆయన కాగితం, కాన్వాసు, రంగులు పట్టుకుని, చుక్కలతో, సన్నని గీతలతో ఇంతకుముందు ఎవరూ వేయని తీరులో దేవతలను, జంతువులను వేశాడు. ఈ రోజు మనం గోండు చిత్రకళ అని దేశమంతా చూస్తున్నది చాలావరకు ఆయన వేసిన దారే. పేరు విదేశాలకు పాకింది. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, ఇంటికి దూరంగా, నలభై ఏళ్లు దాటకుండానే చనిపోయాడు. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను, చెప్పకూడదు. కాని మన పిల్లవాణ్ణి ఎవరైనా పెద్ద పేరు చెప్పి దూరం తీసుకెళ్తున్నప్పుడు నాకు ఆయన గుర్తొస్తాడు. ఎన్ని బొమ్మలు, ఎన్నాళ్లు, అలిసిపోతే ఇంటికి రావచ్చా అని ముందు అడగండి అంటాను. మనిషి కన్నా బొమ్మ ఎక్కువ కాదు.

ఇక నా సంగతి. అయిదేళ్ల కిందట పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. ఒక హోటల్ గదులకు 60 బొమ్మలు కావాలన్నాడు. గడువు 45 రోజులు. బొమ్మకు 1,500 రూపాయలు, మొత్తం 90,000. అన్నిట్లోనూ నెమలి ఒకేలా ఉండాలి, మనుషుల వరస ఒకేలా ఉండాలి. ఆ ఏడాది మా ఇంటి రేకులు కారుతున్నాయి, మా పెద్దమ్మాయి నర్సింగ్ చదువుకు ఫీజు కట్టాలి. రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. బడి, వంట, పొలం పోను రోజుకు ఒకటికి పైగా గీయాలి. "నాలుగు నెలల్లో ఆరు ఇస్తాను, దేనికదే వేరుగా ఉంటుంది" అన్నాను. అతను మర్యాదగానే దండం పెట్టి వెళ్లిపోయాడు. ఫీజుకు సంఘంలో అప్పు తీసుకున్నాం. తీర్చడానికి రెండేళ్లు పట్టింది. కాదనడం గొప్ప ధైర్యంలా ఆ రోజు నాకు అనిపించలేదు. భయమే వేసింది. కొన్ని రాత్రులు ఆ 90,000 కళ్ల ముందు తిరిగింది. కాని ఆ తర్వాత ఒక ఏడాదికి నేను మా అమ్మ పోయిన బొమ్మ గీశాను. ఏడు నెలలు పట్టింది. 60 నెమళ్లు గీసిన చేతితో ఆ బొమ్మ గీయగలిగేదాన్నా అంటే, గీయలేననే నా నమ్మకం.

ఒక మాట మాత్రం దాచకూడదు. నాకు నెలనెలా జీతం వస్తుంది. కాదనడానికి నా వెనక ఆ జీతం ఉంది. జీతం లేని కుర్రాడికి, "ఆర్డరు వద్దను, నెమ్మదిగా గీయి" అని చెప్పే హక్కు నాకు లేదు. మరి అతనికేం చెప్పాలి? ఈ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకాల్లో దొరకలేదు, మా పోడులో దొరికింది.

పోడులో మనవాళ్లు ఒక్క పంట వేయరు. సామ, కొర్ర, చోడి, జొన్న, కంది కలిపి చల్లుతారు. సామ మూడు నెలల్లో చేతికొస్తుంది. ఆకలి కాలంలో కడుపు నింపేది అదే. చోడి ఆ తర్వాత. కంది ఆరు నెలలు దాటినా ఇంకా పచ్చగానే నిలబడి ఉంటుంది. సామ కోసేటప్పుడు ఎవరూ కందిని చూసి "నువ్వింకా కాయలేదేమే" అని తిట్టరు, పీకరు. పక్కనుంచి జాగ్రత్తగా సామ కోసుకుని వస్తారు. చలి తగ్గేవేళకు కంది కాస్తుంది. అప్పుడు కందికొత్తల పండుగ. ఆ పండుగ చేయకుండా కొత్త కంది నోట పెట్టం. కంది ఎప్పుడు కాస్తే పండుగ అప్పుడే. పండుగ కోసం కంది తొందరపడదు.

అందుకని బొమ్మల మీద బతకాల్సిన పిల్లలకు నేను చెప్పేది ఇది. సామ కూడా చల్లుకోండి, కంది కూడా చల్లుకోండి. సంచీల మీద, కార్డుల మీద, చిన్న చిన్న చెక్కల మీద త్వరగా అయ్యేవి గీసి అమ్ముకోండి. అందులో చిన్నతనం లేదు. సామ తిని బతికిన జాతి మనది. కాని ఒక్క పెద్ద బొమ్మ, ఎవరూ అడగనిది, ఎవరికీ గడువు చెప్పనిది, ఇంట్లో ఒక గోడకో అట్టకో ఉంచుకోండి. దాన్ని అమ్మకండి, ఫోన్లో పెట్టకండి, తొందరపెట్టకండి. వారానికి ఒకసారైనా దాని ముందు కూర్చోండి. ఒక్క గీత గీసినా సరే, గీయకపోయినా సరే. తాత చెప్పినట్టు, మళ్లీ వెళ్తున్నంత కాలం అది ఆగినట్టే, మానినట్టు కాదు.

అలా అని బద్ధకానికి దీన్ని అడ్డం పెట్టుకోకండి. కందికి కూడా కలుపు తీయాలి, రాత్రి మంచె మీద కాపు కాయాలి. నెమ్మదిగా చేసేవాడికి పని తక్కువని అనుకుంటే తప్పు. ఎదురుచూడడం కూడా పనే.

మా బడిలో చదివిన ఒక కుర్రాడున్నాడు. నేను చూసిన చేతుల్లో అంత నిదానమైన చెయ్యి ఇంకోటి లేదు. ఇంటర్‌లో ఉండగా ఫోన్ కొన్నాడు. మిగతావాళ్ల బొమ్మలు, వాటికి పడే లైకులు చూడడం మొదలుపెట్టాడు. ఒక రోజు సంతలో కనబడి, "నాను మానేసినాను మేడం. నాను ఒకటి గీసేలోపల ఆళ్లు పది పెడతన్నారు" అన్నాడు. తర్వాత విశాఖపట్నంలో ఏదో కంపెనీలో పనికి కుదిరాడు. మూడేళ్లు వాడి ఊసే లేదు. పోయిన ఏడాది కందికొత్తలకు ఊరొచ్చి, రాత్రి మా ఇంటికి వచ్చాడు. జేబులోంచి మడత పెట్టిన ఒక అట్టముక్క తీశాడు. ఏదో సామాను పెట్టె తాలూకు అట్ట. దాని మీద తెల్ల పెన్నుతో చుట్టూ అంచు గీసి ఉంది. మూడు వరసల గళ్లు, మూలల్లో దువ్వెనలు. లోపల ఏమీ లేదు.

"అంచు ఒక్కటే అయింది మేడం. లోపల ఎవులు రావాలో ఇంకా తెలీలేదు" అన్నాడు.

"ఇల్లు కట్టీసినావు కదరా. వచ్చేవాళ్లు వస్తారు" అన్నాను.

ఆ అట్ట ఇప్పుడు ఎంతవరకు వచ్చిందో నేను అడగలేదు. అడగను కూడా.

తోటి టీచర్లకు ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. దీనికి నిధులు అక్కర్లేదు, అనుమతులు అక్కర్లేదు. మా బడి వెనక వరండాలో ఒక గోడను పిల్లలకు వదిలేశాం. జూన్‌లో బడి తెరిచిన వారంలో పిల్లలే ఎర్రమట్టి తెచ్చి అలుకుతారు. మొదటి రోజు అందరూ కలిసి అంచు గీస్తారు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఒక్కొక్కరు ఒక్క బొమ్మ గీయాలి. ఎప్పుడన్నది వాళ్ల ఇష్టం. "నీదెప్పుడు?" అని ఎవరూ అడగకూడదన్నది ఒక నియమం. ప్రతి శనివారం అందరూ వెళ్లి గోడను ఒకసారి చూసి రావాలన్నది ఇంకో నియమం. మార్కులు లేవు, బహుమతులు లేవు. కొందరు జులైలోనే గీసేస్తారు, కొందరు సంక్రాంతి సెలవుల తర్వాత గీస్తారు. కిందటేడు ఒక మూడో తరగతి పిల్లవాడు చివరి దాకా చూసి చూసి, ఏప్రిల్‌లో ఒక చీమను గీశాడు. అందరి కాళ్ల కింద, అంచు పక్కన, ఒక్క చీమ. ఆ చీమ వచ్చాక గోడ నిండినట్టు అనిపించింది.

జూన్ రాగానే మళ్లీ ఎర్రమట్టి అలుకుతాం. పాత బొమ్మలు పోతాయి. పిల్లలు పెద్దగా బాధపడరు, వాళ్ల ఇళ్ల గోడల సంగతి వాళ్లకు తెలుసు. ఈ ఏడాది గోడకు కుడిచేతి వైపు కింది మూల ఇంకా ఖాళీగా ఉంది. ఇద్దరు పిల్లలు గీయాల్సి ఉంది. శనివారం శనివారం వచ్చి ఆ మూల ముందు నిలబడి చూసి వెళ్తున్నారు.